పికప్‌కు కరెంటు ఫ్యాను

ఏమయ్యా, నువ్వు పోయి ఏడాదైంది. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నీ పాత పికప్ గెలిచింది! ఇంజను మరుగుతోందని మన కొడుకు యాదగిరి దాన్ని తుక్కుకు వేస్తానన్నాడు.

"ముందుగాల నన్నెయ్‌రా!" అన్నాను.

మెకానిక్ ఇంజనును చల్లబరిచే పాత ఫ్యాను పీకేసి, కరెంటుతో తిరిగే పెద్దది బిగించాడు. నిన్న మిట్టమధ్యాహ్నం, ఈ గల్ఫ్ ఎండలో ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో ఆగుతూ ఆగుతూ అల్ వక్రా ఊరి దాకా పోయాం. వేడి చూపే ముల్లు సగం దాటలేదు!

"ఇగ తుక్కుకియ్యనే అమ్మా," అన్నాడు వాడు.

ఇంజను మరిగినప్పుడల్లా, ఆ వేడి లాగుతుందని నువ్వు ఎండాకాలంలోనూ లోపల హీటరు వేసేవాడివి. ఇరవై ఏళ్లు నా కాళ్లు ఉడకబెట్టావు. నిన్న నీ బండిలో నాకు మొదటిసారి చలేసింది.

"ఏసీ తక్కువ చెయ్యాల్నా?" అన్నాడు యాదగిరి.

చెయ్యనివ్వలేదు. కొంగు కప్పుకుని, ఇంకో చుట్టు తిప్పమన్నాను.