దేవదానాన్ని దించేదెవరు

జూలై 6, ఆదివారం

నవాగామ్‌లో మా తెలుగువాళ్ళ ప్రార్థన హాలు. పాస్టరు యాభై నిమిషాలు భారాల మీదే చెప్పాడు. పక్షవాతంతో పడిపోయిన సంఘ పెద్ద దేవదానం కోసం భారంగా ప్రార్థించమన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను. ఒకడు కునుకు తీస్తున్నాడు.

బయటికొచ్చాక కావాలనే అడిగాను — బుధవారం ఆయన్ను కుర్చీలో మూడో అంతస్తు నుంచి ఆసుపత్రికి దించేదెవరని. ఒకడికి డ్యూటీ. ఒకడికి నడుము నొప్పి. ఒకడికి బార్డోలీలో పెళ్ళి.

జూలై 7

ఒకరి భారం ఒకరు మోయాలని ఒక వాక్యం. కొంచెం కిందనే, ఎవడి బరువు వాడే మోసుకోవాలని మరొకటి. వీళ్ళకు రెండూ పనికొస్తాయి — ప్రార్థనకు మొదటిది, కుర్చీ ఎత్తడానికి రెండోది.

ముప్పై ఏళ్ళు మగ్గాల కార్ఖానాలో దారం చుట్టిన బీములు భుజాన మోశాను. బీము ఎత్తేటప్పుడు ఎవడూ కళ్ళు మూసుకోడు.

జూలై 8

దేవదానం మీద జాలి లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

సులోచనను సాగనంపిన రోజు వాన. గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. నా భార్య శవపెట్టెకు భుజం పట్టమంటే తన తెల్ల ప్యాంటు వైపు చూసుకున్నాడు. గొడుగు కింద నిలబడి, ప్రభువు కాడి తేలిక అని ప్రసంగించాడు. ఆమెను మోసింది మా కార్ఖానాలోని నలుగురు ఒడియా వాళ్ళు. వాళ్ళకు ఆ వాక్యం తెలియదు.

జూలై 9

ఎవరూ రాలేదు. ఆసుపత్రి తప్పింది.

సాయంత్రం అతని భార్య కాంతమ్మ నా గుమ్మంలో. నేనుంటున్న కింది అంతస్తు గది వాళ్ళకిచ్చి, నన్ను వాళ్ళ మూడో అంతస్తుకు మారమంటుంది. మోకాళ్ళు చూపించాను. పాతదంతా కక్కాను — వాన, ప్యాంటు, గొడుగు. తల దించుకుంటుందనుకున్నాను.

"నాకెరుకే అన్నా. నేను గూడ ఆడ్నే ఉంటి. గందుకే ఇన్నొద్దులు నీ దిక్కు రాలే. ఇగ ఎవరున్నరు, జెప్పు."

జూలై 10

తప్పించుకునే దారి కోసం పాత నిబంధనలోని ధర్మశాస్త్రం తిరగేశాను. దొరికింది ఇది: పగవాడి గాడిద బరువు కింద కూలబడితే, వదిలేసి పోవాలనిపించినా సరే, వాడితో కలిసి దాన్ని లేపాలట. క్షమించమని లేదు. ప్రేమించమని లేదు. ఉంటే, నా వల్ల కాదని తేలిగ్గా అనేవాణ్ణి.

పుస్తకం మూసేశాను. అసహ్యం.

జూలై 12

మెట్లెక్కి చూశాను. రెండు చోట్ల కూర్చోవలసి వచ్చింది.

మంచం మీద దేవదానం. నోరు ఒక పక్కకు. గది సంగతి ఎత్తగానే గోడ వైపు తిరిగి "వద్దు" అన్నాడు. నా చేతి మీదుగా ఏదీ పుచ్చుకోడు... ఎంత హాయి అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

కాంతమ్మ అతని నడుము కింద చెయ్యి పెట్టి జరుపుతూనే అంది: "మోసేది నేను. వద్దననీకి నువ్వెవరు?"

తర్వాత, ఎప్పుడు మారతావని నన్నడిగింది. నా పుస్తకాలు చాలా ఉన్నాయన్నాను. సోమవారం తానే వచ్చి అన్నీ పైకి మోస్తుందట.

నేనింకా ఔననలేదు...