మీటరు మనిషి ఇంటి మీటరు

సోమవారం, ఉదయం 6:00
నేను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే మనిషిని. పొదుపు మీద అందరికీ క్లాసు పీకుతాను. తీరా చూస్తే మా వీధిలో అన్నిటికంటే జోరుగా తిరిగేది మా ఇంటి మీటరే! సూపర్‌వైజరు అందరి ముందూ చదివి నవ్వాడు. తల కొట్టేసినట్టయింది. శనివారం స్వయంగా వచ్చి మళ్ళీ చూస్తాడట. చూడనీ!

నేటి నుంచి:
నీళ్ళు: రోజుకు ఒక్క బకెట్. మోటారు తిరగడం తగ్గుతుంది.
తిండి: ఒక్క పూట. వంట తగ్గితే కరెంటూ తగ్గుతుంది.
కరెంటు: పనికి వెళ్ళేముందు తొమ్మిది స్విచ్చులూ ఆపాలి. ఫ్రిజ్ జోలికి మాత్రం పోకూడదు. అది మా ఆవిడ షరతు.

తను స్కూల్లో క్లర్కు. సాయంత్రాలు కేకులు చేస్తుంది. శుక్రవారం ఒక నర్సు గారి రిటైర్మెంటుకు మూడంతస్తుల కేకు ఇవ్వాలి. మొదటి పెద్ద ఆర్డరు. ఇది కుదిరితే ఆసుపత్రంతా తన దగ్గరే కొంటుందని ఆశ.

సాయంత్రం 5:00
ఒళ్ళు తేలిగ్గా ఉంది. జనం మూడు పూటలా ఎందుకు తింటారో!

మంగళవారం, ఉదయం 6:15
తల రుద్దుకున్నాను. బకెట్ అయిపోయింది. నురగ మిగిలింది. తువ్వాలుతో తుడిచేశాను.

మధ్యాహ్నం 2:00
తల ఒకటే దురద. ఒకావిడ రీడింగు ఎదురింటి వాళ్ళ పేరున రాశాను. ఎండ వల్ల.

బుధవారం, ఉదయం 11:00
కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ఒకింట్లో తాతగారు బిస్కెట్ ఇచ్చారు. పెద్దవాళ్ళు పెడితే కాదంటే ఏం బాగుంటుంది? పైగా బిస్కెట్ భోజనం కాదు. ఏడు తిన్నా కాదు.

సాయంత్రం 6:30
కేకు పూర్తయింది. ఫ్రిజ్‌లో పెట్టింది. నేను చూస్తున్న చూపు చూసి, తలుపు వెంటనే వేసేసింది.

గురువారం, ఉదయం 8:30
తొమ్మిది స్విచ్చుల చుట్టూ తిరిగే ఓపిక లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నాను. అసలు మెయిన్ ఆపేస్తే ఒక్క దెబ్బకు అన్నీ ఆగుతాయి కదా! ఆపేశాను. నా బుర్రే బుర్ర!

సాయంత్రం 4:30
ఫ్రిజ్.

సాయంత్రం 4:35
మూడంతస్తులూ కలిసి ఒక్క అంతస్తయ్యాయి.

సాయంత్రం 5:00
మా ఆవిడ అరవలేదు. "కడుపు మాడ్చుకుంటే బుర్ర కూడా ఆగిపోతుంది. ఇన్ని మీటర్లు చూసే మనిషికి ఆ మాత్రం తెలీదా?" అంది. అని, కళ్ళు తుడుచుకుంది. చచ్చేంత సిగ్గేసింది. ఈ నాలుగు రోజుల ఆకలి కూడా ఇంత బాధపెట్టలేదు.

సాయంత్రం 6:00
పక్క వీధిలో ఉండే మా అత్తగారు వచ్చారు. ముందు నాకు కంచం నిండా వడ్డించారు. రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. రేపు మళ్ళీ కేకు చేద్దామని, క్రీము గిలక్కొట్టే పని నాకే అప్పజెప్పారు.

శుక్రవారం, ఉదయం 11:00
ఇద్దరం సెలవు పెట్టాం. ఓవెన్, మిక్సర్, ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ ఆన్. గిన్నెలకు ఆరు బకెట్లు. నాకు మోచేతుల దాకా క్రీము.

ఉదయం 11:40
సూపర్‌వైజరు ఒకరోజు ముందే ఊడిపడ్డాడు! మీటరు చూశాడు. నన్ను చూశాడు. నోరు తెరిచేలోపే అత్తగారు కూలిన కేకు ముక్క చేతిలో పెట్టారు. తిన్నాడు. ఇంకోటి అడిగి తిన్నాడు. "ఈ మీటర్ని ఇలాగే తిరగనివ్వయ్యా" అని, కూతురి పుట్టినరోజుకు ఆర్డరిచ్చి వెళ్ళాడు.

సాయంత్రం 7:00
కేకు చూసి నర్సు గారు పొంగిపోయారట. ఇంకో నలుగురు నర్సులు నంబరు తీసుకున్నారట. మా ఆవిడ నన్ను చూసి నవ్వింది. హమ్మయ్య.

శనివారం, ఉదయం 6:00
మళ్ళీ మొదలు! తిండి: మూడు పూటలు. ఇందులో చర్చ లేదు. కరెంటు: మెయిన్ పెట్టెకు మా ఆవిడ తాళం వేసింది, తాళంచెవి అత్తగారి దగ్గరుంది. ఇక నా చేతిలో మిగిలింది గీజరొక్కటే. నేటి నుంచి చన్నీళ్ళ స్నానం.

ఉదయం 6:10
అమ్మో!

ఉదయం 6:11
సోమవారం నుంచి.