ఊయల పట్టీలు

బిష్కెక్, జూన్ నెలాఖరు

ప్రియమైన అపాకి,

మీ కోడలు బెర్మెట్ సలాములు. తాలాయ్ వాను రేపు మీ ఊరు వస్తోందని తెలిసి, మీరడిగిన టీపొడి, కీళ్ల నొప్పుల మందు కట్టి, వాటితో పాటే ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోను చేయొచ్చు కదా అంటారు. మీ ఫోను మోగితే స్పీకరు పెడతారు, ఇంట్లో వాళ్లతో పాటు పొరుగింటి వాళ్లూ వింటారు. ఇది మీరొక్కరే వినాల్సిన మాట.

మామయ్య గారి సంవత్సరీకానికి రావాలనే ఉంది. మీ మనవరాలు చొల్పోన్‌ని ఎలా తేవాలన్నదే భయం. దానికి ఏడేళ్లు నిండాయి. మాటలు రావు గానీ చేతులు ఊరుకోవు. ఎలాంటి బకిలైనా ఇట్టే విప్పేస్తుంది. మార్చిలో మీ దగ్గరికి వస్తూ దొలోన్ కనుమ దిగుతున్నప్పుడు, బెల్టు విప్పుకుని లేచి వెనక నుంచి మీ అబ్బాయి మెడను వాటేసుకుంది. ముద్దొచ్చే చేసింది పిచ్చి తల్లి. ఆయనకి దారి కనపడక కారు పక్కకి దూసుకుపోయింది. అక్కడ మంచు కుప్ప ఉండబట్టి బతికాం. మీకు మాత్రం టైరు పోయిందని చెప్పాం.

చొల్పోన్ వెళ్లే పిల్లల కేంద్రంలో నెల్లీ గారిని అడిగాను. "జబ్బు పేరు తర్వాత చెప్పొచ్చు, కార్లో ఏం చేస్తుందో ముందు చెప్పమ్మా" అంది. బకిల్ మీద పెట్టే మూత ఉందట, వెనక జిప్పుండే జాకెట్టు ఉందట, పెద్ద పిల్లల కోసం కారు సీటు మీద బిగించే పట్టీల కుర్చీ ఉందట. మూత పెడితే భుజం పట్టీ కింద నుంచి జారిపోతుంది మన పిల్ల. కుర్చీ అయితే నిద్రపోయినా మెడ వాలదు అంటుంది ఆవిడ.

మీ అబ్బాయేమో, "ఊరందరి ముందూ కూతుర్ని కుక్కపిల్లలా కట్టేసి తీసుకెళ్లనా?" అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గుగానే ఉంది. మీరేమంటారు?

మీ ఆశీస్సుల కోసం చూస్తూ,
బెర్మెట్


అత్-బాషీ, జూలై

నా బంగారు బెర్మెట్‌కి,

మందు పనిచేస్తోంది. టీపొడి మాత్రం దుమ్ములా ఉంది, కొట్టువాడు నీ మొహం చూసి అంటగట్టాడు.

కుర్చీ గిర్చీ ఏమీ వద్దు. మీ మామ విందుకి నాలుగు లోయల జనం వస్తారు. "ఊల్కాన్ మనవరాల్ని ఖైదీలా కుర్చీకి బిగించి తెచ్చారు" అని ఒకడంటే చాలు, పొయ్యి దగ్గర ఆడవాళ్లు పదేళ్లు నమలడానికి సరిపోతుంది. పిల్లని చూసి నేను సిగ్గుపడుతున్నానని అనుకోకు. జనం నోటికి భయపడుతున్నాను.

మీ పట్నం వాళ్లకి కొనే వస్తువులే కనిపిస్తాయి. పిల్లని కదలకుండా ఉంచడం మనకి కొత్తా? పసిబిడ్డని ఊయలలో కట్టి పడుకోబెట్టే మన పట్టీలు పంపుతున్నాను, ఎర్ర మఖ్మల్‌వి. ఒకటి రొమ్ము మీదుగా, ఒకటి కాళ్ల మీదుగా కట్టు. నీ మొగుడితో సహా ఆరుగురు ఈ పట్టీల్లోనే పెరిగారు. నీ కుబాన్ అయితే కాసేపు ఆకాశం పగిలేలా ఏడ్చి, ఆ తర్వాత గొర్రెపిల్లలా పడుకునేవాడు. మా అత్తగారు చేత్తో కుట్టినవి, జాగ్రత్త.

మీ అపా
ఊల్కాన్


బిష్కెక్, జూలై

ప్రియమైన అపాకి,

ఈ ఉత్తరంతో పాటు వచ్చే గుడ్డ సంచి విప్పే ముందు ఇది చదవండి.

మీ పట్టీలు చొల్పోన్‌కి ఎంత నచ్చాయో! మఖ్మల్ మీద బుగ్గ ఆనించి కూనిరాగం తీసింది. తొక్మోక్ దాకా తీసుకెళ్లి చూశాం. దారంతా చెయ్యి ఎత్తలేదు, లేవలేదు. మీ అబ్బాయి అద్దంలో చూసి, "మా అమ్మ ముందు మీ నెల్లీ గారు ఏ మూలకి?" అని నన్ను ఏడిపించారు కూడా.

తిరిగి వస్తుంటే స్టీరింగు కింద నుంచి పొగ వచ్చింది. ఆయన గట్టిగా బ్రేకు వేసి, "దిగండి, దిగండి!" అని అరిచారు. నేను వెనక తలుపు తీసి ముడి పట్టుకున్నాను. బ్రేకుకి పిల్ల బరువంతా పట్టీ మీద పడి ముడి రాయిలా బిగుసుకుంది. గోళ్లు విరిగాయి గానీ ముడి రాలేదు. పొగలో అది దగ్గుతోంది, పట్టీ తీయొద్దని నా చెయ్యి నెట్టేస్తోంది. పుచ్చకాయ కోసే కత్తి దొరికింది. కోసేశాను అపా. రెండూ కోసేశాను.

పొగ ఏదో వైరుదట, ఆరిపోయింది. పిల్ల బాగానే ఉంది. పొట్ట మీద మాత్రం పట్టీ జారి ఒరుసుకున్న చోట ఎర్రటి చార తేలింది. సీటు బెల్టు తుంటి ఎముకల మీద ఉండాలట, మెత్తటి పొట్ట మీద కాదట. నెల్లీ గారికి చూపిస్తున్నప్పుడు తలెత్తలేకపోయాను.

ముక్కలు పంపుతున్నాను. ఆరుగురు బిడ్డలు పెరిగిన పట్టీని కోసిన చేతులివి, మీ ముందుకి ఎలా రాను?

కుర్చీ తీసుకున్నాం. భుజాల మీద రెండు పట్టీలు, తుంటి మీద రెండు, కాళ్ల మధ్య ఒకటి. అన్నీ ఒకే బకిల్‌లో పడతాయి. దాని వేళ్లకి అది లొంగదు, నా బొటనవేలికి ఒక్క నొక్కుతో వస్తుంది. మీకు నామోషీ అనుకుంటే మేం రాము. రమ్మంటే కుర్చీతోనే వస్తాం. ఒక్క ముక్క రాయండి.

తలదించుకుని,
బెర్మెట్


అత్-బాషీ, ఆగస్టు

బెర్మెట్‌కి,

సంవత్సరీకం ఈ నెల మూడో శనివారం. మనిషి లేని లోటు చాలు, కొడుకు రాలేదన్న లోటు కూడా నాకొద్దు. రండి.

సంచి అందింది.

ఊల్కాన్


బిష్కెక్, ఆగస్టు నెలాఖరు

ప్రియమైన అపాకి,

సరిగ్గా సెలవు తీసుకోకుండా వచ్చేశాం. చుట్టాలకి కట్టిచ్చే మాంసం వాటా తీసుకోకుండా, మీ దీవెన అందుకోకుండా విందు ఇంటి నుంచి వెళ్లిన కోడలు ఆ లోయలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. జనం గోలకి చొల్పోన్ చెవులు మూసుకుని తల గోడకి కొట్టుకోబోతుంటే ఆగలేకపోయాం. అది ఒక కారణం. రెండోది రాయడానికి కలం కదలడం లేదు.

వచ్చేటప్పుడు కుర్చీలో రాణిలా వచ్చింది. బోమ్ లోయలో నది చూస్తూ చప్పట్లు కొట్టింది, దొలోన్ ఎక్కేటప్పుడు కుర్చీ పక్క దిండుకి తల ఆనించి నిద్రపోయింది. పిల్ల పుట్టాక నేను మొదటిసారి ఆ కనుమ మీద కిటికీలోంచి బయటికి చూశాను. అంతవరకూ పిల్లనే చూసేదాన్ని.

మన శ్మశానం మలుపు దగ్గర ఊరు కనపడగానే మీ అబ్బాయి కారు ఆపారు. బకిల్ నొక్కి పిల్లని తీసి నా ఒళ్లో పెట్టారు, కుర్చీని వెనక డిక్కీలో పడేసి మీద కంబళి కప్పారు. "ఇంక ఎంత దూరంలే" అన్నారు. నేనూ "అవునులే" అన్నాను. అది కుర్చీ కావాలని గింజుకుంటోంది. అప్పుడే గుర్రాల మంద రోడ్డుకి అడ్డం వచ్చింది. బ్రేకు పడింది. చొల్పోన్ నుదురు ముందు సీటుకి కొట్టుకుంది.

ఆ బొప్పి చూసి మీరడిగితే వాకిట్లో పడిందని చెప్పాను. అందరికీ అదే చెప్పాను. అన్ని లోయలూ కనుమలూ భద్రంగా దాటించి, నలుగురి కళ్లకీ భయపడి మన ఊరి మలుపులో నా బిడ్డ తల పగలగొట్టుకున్నాను. నన్ను తిట్టండి. మీరు గుమ్మంలో నిలబడి, మేం కుర్చీ బిగించుకోవడం చూస్తూ ఒక్క మాటా అనకపోవడం నన్ను తినేస్తోంది.

క్షమించమని అడిగే అర్హత లేని,
బెర్మెట్


అత్-బాషీ, సెప్టెంబరు

ప్రియమైన నా కోడలికి,

బొప్పి తగ్గిందా? అది ముందు రాయి.

వాకిట్లో పడిందన్నావు. ఆ రోజంతా వాకిట్లో ఉన్నది నేనే, నాకు తెలియదా? నీ మొహం చూసి అడగడం మానేశాను. పిల్లని కుర్చీలోంచి తీసింది మీ ఆయన చెయ్యే గానీ, తీయించింది నా ఉత్తరం. ఆ ఖైదీ మాట రాసింది నేనే కదా. ఈ సిగ్గులో పెద్ద వాటా నాది, నువ్వొక్కదానివే మోయకు.

గుమ్మంలో నేనేం చూశానో చెబుతాను. మీరు కుర్చీ బిగించగానే అంత ఏడుస్తున్న పిల్ల తానే ఎక్కి కూర్చుని, పట్టీలు వెయ్యమని రెండు చేతులూ పైకెత్తింది. దాన్నే చూస్తూ దీవెన సంగతే మరిచాను. మీ కారు మలుపు తిరిగాక మీ మరిది జెనిష్ నవ్వుతూ, "ఖైదీని తీసుకెళ్లారా?" అన్నాడు. చెంప పగలగొట్టేదాన్నే. కానీ ఇంట్లో నేనన్న మాటే వాడి నోట్లోంచి వచ్చింది, ఎవరిని కొట్టను?

ఆ తర్వాత రొట్టెలు తేవడానికి వాడి కార్లో వెళ్లాల్సి వచ్చింది. ముందు కూర్చుని బెల్టు లాగాను. "ఏంటమ్మా, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా? పరువు తీస్తున్నావు" అన్నాడు. బకిల్ పెట్టబోతే దూరలేదు. కన్నంలో అప్పటికే ఒక ఇనప నాలుక ఉంది, దానికి బెల్టే లేదు. ఇదేంట్రా అంటే, "బెల్టు పెట్టుకోకపోయినా కారు కీచుమనకుండా నోరు మూయించడానికి. అందరి కార్లలోనూ ఉంటుంది" అని గొప్పగా చెప్పాడు. పీకి జేబులో వేసుకున్నాను.

సాయంత్రం చుట్టాలు బయల్దేరుతుంటే మాంసం వాటాలన్నీ నేనే పంచుతానని వీధి గుమ్మంలో నిలబడ్డాను. ఎవరి కారు వచ్చినా ఒకటే మాట: "ముందు బెల్టు, తర్వాత వాటా." జుమాబాయ్ ముసలాయన కిటికీలోంచి తల బయట పెట్టి, "ఊల్కాన్, ముసలితనంలో ట్రాఫిక్ పోలీసువయ్యావా?" అన్నాడు.

"అయ్యాను. జరిమానా ఏంటంటే, గుర్రపు మాంసం లేదు."

"నేను డెబ్బై ఏళ్లుగా కట్టుకోలేదే!"

"నా మనవరాలికి ఏడేళ్లు. మాట రాదు. బెల్టు కోసం చేతులెత్తుతుంది. నీకు మాటలు వచ్చుగా, నీకేం రోగం?"

అందరి ముందూ అన్నాను బెర్మెట్. నా మనవరాలు కుర్చీలో కట్టుకుని కూర్చుంటుందని వీధంతా వినేలా చెప్పాను. ఆయన గొణుక్కుంటూ కట్టుకున్నాడు. ఆ వెనక కార్లలో అడక్కుండానే బకిళ్లు టక్కు టక్కుమన్నాయి. నా జేబు నిండా వాళ్ల కార్లలోంచి పీకిన ఇనప నాలుకలే. జెనిష్‌కి మాత్రం మర్నాటిదాకా ఎముక కూడా పెట్టలేదు.

ఇక పట్టీల సంగతి. ఆగస్టులో రెండు ముక్కలు రాసి ఊరుకున్నానని కుమిలిపోయి ఉంటావు. కోపం వచ్చిన మాట నిజం. సంచి ముందు పెట్టుకుని కూర్చుంటే కోపం దిగింది. ఊయలలో పిల్లని కడితే విప్పడానికి తల్లి చెయ్యి పక్కనే ఉంటుంది. పరిగెత్తే కార్లో పిల్లకి ముడి పనికిరాదని నాకు తట్టలేదు. కోసి మంచి పని చేశావు. ఆ మఖ్మల్‌తో కుర్చీ భుజం పట్టీలకి పల్చటి తొడుగులు కుట్టాను, బుగ్గ ఆనించుకుంటుందని. ముడి ఎక్కడా లేదు. అయినా నా తెలివి ఒకసారి చూశావుగా, నెల్లీ గారు సరేనంటేనే తొడుగు. వద్దంటే దాని దిండుకి వేసెయ్.

ఈసారి వచ్చేటప్పుడు శ్మశానం మలుపులో ఆగొద్దు. వీధి మధ్య నుంచి, కిటికీలు దించుకుని, మన గుమ్మం దాకా రండి. పిల్లని నేనే విప్పి దించుతాను. ఏ మీట నొక్కాలో నాకు నేర్పు.

మీరు వదిలేసి వెళ్లిన వాటా ఉప్పేసి దాచాను, తాలాయ్‌తో పంపుతున్నాను. పొట్లాన్ని ముందు సీట్లో పెట్టి, నా చేత్తో బెల్టు వేశాను. తాలాయ్ తనది వేసుకునే వచ్చాడో లేదో చూసి రాయి.

చొల్పోన్ నుదుటికి ముద్దు, బొప్పి లేని వైపు.

మీ అపా
ఊల్కాన్