మీ చెల్లెలు ఎక్కితేనే నడిచే మోటారు

బావా,

కొత్త కార్బురేటర్ తేనక్కర్లేదు. నేనొక్కణ్ణే వెళితే పడవ మోటారు నది మధ్యలో ఆగిపోయేది. మీ చెల్లెలు ఎక్కితే ఆగేది కాదు. “మోటారుకైనా మనిషి విలువ తెలిసింది” అని ఆవిడ ఒకటే గొప్పలు.

సంగతేమిటంటే, ట్యాంకుకు రంగు వేసినప్పుడు మూత మీది గాలి రంధ్రం పూడిపోయింది. గాలి లేక పెట్రోలు అందేది కాదు. ఆవిడ నా మాట నమ్మక, పెట్రోలు ఉందో లేదో అని మాటిమాటికీ మూత తీసి చూసేది. అప్పుడు గాలి వెళ్లేది.

నిన్న ఆ రంధ్రాన్ని సూదితో పొడిచేశాను. ఆవిడకు చెప్పలేదు. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషి, పడవెక్కితే అవతలి గట్టు దాకా నవ్విస్తూనే ఉంటుంది. నువ్వొచ్చినప్పుడు దయచేసి ఆవిడ దగ్గర ఆ మూత ఊసెత్తకు.

పొద్దున కూడా అడిగింది, “నేను రాకపోతే మీ గతేంటి?” అని.

అధోగతే అన్నాను.

మీ బావ