ఐదు చోట్ల నూనె

తేదీ పద్దెనిమిది, బుధవారం
షెడ్డులో, మధ్యాహ్నం అన్నాల వేళ

మేస్త్రీ బాబాయ్‌కి,

మీ చిర్రుబుర్రు నమస్కారాలు. ఇక్కడ షెడ్డు క్షేమం, కంప్రెసర్ క్షేమం, ఓనరు నోరు మరీ క్షేమం. మీ క్షేమం మీరు రాయరు, ఫోనూ ఎత్తరు, కాబట్టి మీ అమ్మాయి చెప్పిందే నమ్మాలి. అక్క ఏం చెప్పిందో తెలుసా? అల్లుడుగారి సైకిలు చైను ఊడితే, నాకు చూపు ఆనదు, ఇంకెవరికైనా చూపించుకో బాబూ అన్నారట మీరు. సైకిలు చైను బాబాయ్! కళ్ళు మూసుకుని గేరుబాక్సు బిగించిన మనిషి! అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఇప్పుడు కూడా క్యారేజీ మూత తీయకుండా ఇది రాస్తున్నాను.

డాక్టరు ఇచ్చిన కళ్ళజోడు పెట్టుకుని చదవండి. మొండికేస్తే అక్కతో చదివించుకోండి. కానీ చివర తాజా కలం మాత్రం మీరే చదవాలి (ఈ మాట తర్వాత ఇరికించాను).

మీరు వెళ్ళి రెండు నెలలైంది. లెక్కల మాస్టారి పాత మోటారు సైకిలు ఇంజను మీరు పూర్తిగా విప్పి, కొత్త రింగులు వేసి బిగించి ఇచ్చారు. రెండు వారాలకి అది ఒళ్ళంతా నూనె కార్చుకుంటూ, నీలం పొగ కక్కుతూ తిరిగొచ్చింది. ముసలాయనకి కళ్ళు కనపడక రింగు తలకిందులు వేసుంటాడు అని ఓనరు అందరి ముందూ అన్నాడు. మీరేమన్నారు? అవునేమో అన్నారు. ఇంజను మీద చెయ్యి కూడా వేయకుండా, పానాల మూట నా చేతిలో పెట్టి, ఇక నాకెందుకమ్మా, నువ్వుంచుకో అని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది ఓనరు మాటకి కాదు, మీ అవునేమోకి. ముప్పయ్యేళ్ళ పనిని ఎవరైనా ఒక్క అవునేమోతో ఊడ్చేసుకుంటారా?

తర్వాత ఓనరు రెండుసార్లు పై సీళ్ళు మార్పించాడు. రెండుసార్లూ కారింది. చివరికి బండి మీద గోనె కప్పి మూల పెట్టించాడు. మాస్టారు వారం వారం వచ్చి ఆ గోనె ఎత్తి చూసుకుని పోయేవారు. అమ్మాయ్, మా నాన్న నడిపిన బండి, తుక్కుకి ఇచ్చేయమని మాత్రం అనొద్దు అనేవారు. ఆయన ముఖం చూడలేక, నాకివ్వండి నేను చూస్తాను అని ఓనరుని అడిగాను. మేస్త్రీకే అంతుపట్టలేదు, పుస్తకాల్లో బొమ్మలు చూసి నేర్చుకున్నదానివి నువ్వేం పొడుస్తావే అన్నాడు. బొమ్మలు చూసైనా నేర్చుకున్నాను, మీరు నోటితో తప్ప ఏదైనా బిగించారా అన్నాను. అందరూ నవ్వారు. దాంతో బండి నాకే వచ్చింది, పౌరుషానికి.

ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, మీరు నేర్పినట్టే పౌడరు చల్లాను. వెల్డింగాయన చూసి, ఏంటే ఇంజనుకి చెమటకాయలు లేచాయా అన్నాడు. నీళ్ళ ట్యాంకు దాకా రెండు చుట్లు తిప్పి తెచ్చాను. నూనె కిందికి కారుతుంది, గాలికి వెనక్కి పోతుంది, తడి కనపడిన చోటు కాదు, తడి మొదలైన చోటు చూడు అనేవారు కదా. చూశాను. తెల్లటి పౌడరు మీద ఒకచోట కాదు, ఐదు చోట్ల మొదలైంది. హెడ్డు కింద, క్లచ్ మూత దగ్గర, గేరు కడ్డీ సీలు, ఇంకో రెండు. కొత్త ప్యాకింగులు ఐదూ ఒకేసారి ఎలా చెడతాయి అని నాకప్పుడే తోచాలి. తోచలేదు.

పొగ సంగతి చూశాను. పొద్దున్నే స్టార్టు చేస్తే పొగ లేదు, కాబట్టి వాల్వు సీళ్ళ మీద అనుమానం తగ్గింది. వేడెక్కాక, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నీలంగా వచ్చింది. రింగులే అనుకున్నాను. ప్లగ్గు తీసి కంప్రెషన్ కొలిస్తే నిక్షేపంలా ఉంది. ఆ కన్నంలో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలిచాను. రింగులు పోయుంటే మీటరు ముల్లు పైకి లేవాలి. లేవలేదు. అయినా ఓనరు మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. కొలతని నమ్మక మొత్తం విప్పేశాను.

వినండి బాబాయ్. రింగులు ఒక్కటీ తలకిందులు లేదు. గుర్తు పైకే ఉంది. మూడు రింగుల సందులూ మూడు దిక్కులకి, మీరెప్పుడూ పెట్టినట్టే ఉన్నాయి. ఓనరుని పిలిచి, వంగి చూడండి అన్నాను. ఆయన వంగలేదు. నడుం నొప్పట.

అంతా మళ్ళీ బిగించాను. ప్రతి బోల్టూ బిగించాక తల మీద ఎర్ర చుక్క పెట్టాను, సడలితే తెలియాలని. గోళ్ళకి వేసుకోవాల్సిన రంగు బోల్టులకి పూస్తావేంటే, నీకన్నా ఈ ఇంజనే సోకులాడి అని మీరు ఏడిపించేవారు. ఇప్పుడు ఏడిపించేవాళ్ళు లేరు, చుక్కలు మాత్రం పెడుతున్నాను.

మళ్ళీ కారింది.

టైరుని ఒక తన్ను తన్ని నేల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి లేచి, నూనె ఎంత తగ్గిందో చూద్దామని, బుద్ధిలేక, ఇంజను ఆపకుండానే మూత తిప్పాను. కుక్కరు విజిలేసినట్టు బుస్సుమని నూనె ముఖం మీద కొట్టింది. తుడుచుకుని చూద్దును కదా, మూత తీసి ఉన్నంతసేపూ ఏ చోటా కొత్త చుక్క లేదు. ఇంజను లోపలి గాలి బయటికి పోయే దారి లేక, దొరికిన ప్రతి సందులోంచీ నూనెని తోస్తోంది! మీకిది చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, కానీ అక్క చదువుతుందేమోనని రాస్తున్నా. ఆ గాలి పోవడానికే ఒక సన్న రబ్బరు గొట్టం ఉంటుంది. పెట్రోలు ట్యాంకు తీసి, వెనక చక్రం దాకా ఆ గొట్టం వెంటే వెళ్ళాను. చివర్లో ఎవడో తెలివిగలవాడు బోల్టు దూర్చి క్లిప్పు బిగించాడు.

తీసేశాను. ఆ తోపుడుకి అంచు చిరిగిన రెండు సీళ్ళు మార్చాను. వారం రోజులుగా మాస్టారు తిప్పుతున్నారు. నిన్న పౌడరు చల్లి చూస్తే చల్లింది చల్లినట్టే ఉంది. పొగా లేదు.

కాబట్టి మీ కళ్ళు తప్పు చేయలేదు, చేతులూ తప్పు చేయలేదు. మీ అవునేమో వెనక్కి తీసుకోండి. పానాల మూట ఈ పార్సిల్లో పంపిస్తున్నాను. పద్నాలుగో నంబరు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. అది లేకుండా మీకు పని నడవదు, కావాలంటే వచ్చి తీసుకోండి. ముందు ఆ సైకిలు చైను ఎక్కించండి.

ఉంటాను, పని ఉంది.

మీ
చిర్రుబుర్రు

తా.క. నిన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను కానీ పోస్టాఫీసు దాకా వెళ్ళలేకపోయాను. పైన ఎవడో అని రాశాను. మీరు కళ్ళ పరీక్షకి వెళ్ళిన రోజు మాస్టారు వచ్చారు, బండి ఇంటికెళ్ళిన మూడో రోజు. ముందుగది గచ్చు మీద ఒక్కో చుక్క నూనె పడుతోంది, ఆ సన్న గొట్టంలోంచే, మా ఆవిడ సాధిస్తోంది అన్నారు. అది పడాల్సిన చుక్కే అని నాకప్పుడు తెలియదు. రెండు నిమిషాల్లో ఆపేశాను. నీ చేతి చలవ అమ్మాయ్ అని ఆయన మెచ్చుకున్నారు. మీకు చెప్పడం మర్చిపోయాను. మీరు అవునేమో అన్న రోజు కూడా నాకు గుర్తు రాలేదు.

ఇవాళ పొద్దున ఓనరుకీ మాస్టారికీ అందరి ముందే చెప్పాను. ఓనరు బిల్లు పుస్తకం తీసుకుని లోపలికెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. మీరు వచ్చి తిట్టండి.

ఆ బోల్టు కూడా మూటలోనే ఉంది. తల మీద ఎర్ర చుక్క ఉంది, కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తుంది.