శుభలేఖలో డాక్టరు

విశాఖపట్నం,
ఏప్రిల్ 1998

గాయత్రీ,

మీ చెల్లి రత్నం పెళ్ళి శుభలేఖ నిన్న అందింది. నాలుగు మూలలా పసుపు పెట్టి, కవరు మీద మావయ్య గారు స్వయంగా అడ్రసు రాశారు. ఆహ్వానించేవాళ్ళలో మీ అన్నయ్య పేరుకన్నా పైన నా పేరు వేయించారు, "డా. శ్రీహరి" అని. చదివి, కార్డు పరుపు కింద దాచేశాను. రూమ్మేటు చూస్తాడని భయం.

నేను డాక్టర్ని కాలేదు. ఇక కాను కూడా. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను. పీహెచ్‌డీ ఫెలోషిప్ పోయిన ఏడాదే ఆగిపోయింది. గడువు పెంచమని పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చింది. అప్పటినుంచి ఇక్కడ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఎక్కువగా పెళ్ళికార్డులే. ఊరందరి పేర్లలో తప్పులు దిద్దేవాడికి తన పేరు ముందున్న తప్పు పోస్టులో వచ్చింది. థీసిస్ టైపింగుకి ఇచ్చానని దసరాకి నీతో చెప్పింది అబద్ధం. ఇవ్వడానికి మూడో అధ్యాయమే లేదు.

నా పని నీకు తెలిసిందే. కోడూరు వైపు వరి పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు. వైరస్ వచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాయి. అయినా మళ్ళీ రొయ్యపిల్లల్ని వదులుతూనే ఉన్నారు. ఎందుకు వదులుతున్నారన్నదే నా ప్రశ్న. నేను రాసింది చదివి మా గైడు సారు, "విషయం బాగానే పోగేశావు, సిద్ధాంతం ఏదయ్యా?" అని తిప్పి పంపారు. ఆశ అంటుంది ఒక పుస్తకం, తెగింపు అంటుంది ఇంకోటి. ఏదీ ఆ మనుషులకి అతకలేదు. అక్కడ అప్పయ్య గారని ఒక రైతు ఉన్నారు. గట్టు మీద కూర్చుని, "చెరువు పూడిస్తే మునిగిపోయానని ఊరంతా తెలిసిపోద్ది గదండీ. నీళ్ళున్నన్నాళ్ళూ లోపలేవుందో ఎవరికి తెలుసు?" అన్నారు. ఆ మాట ఏ అధ్యాయంలో పెట్టాలో తెలియక వదిలేశాను. చదివేకొద్దీ నాకసలు బుర్ర లేదేమో, ఇన్నాళ్ళూ బట్టీపట్టి నెట్టుకొచ్చానేమో అన్న అనుమానం పట్టుకుంది.

మొన్న గుడివాడ వచ్చినప్పుడు పక్కింటి పాపాయమ్మ గారు మోకాలు చూపించి, "డాక్టరు బాబూ, ఏం బిళ్ళ వేసుకోమంటావు?" అని అడిగారు గుర్తుందా? అందరూ నవ్వారు. ఆ డాక్టరు కాదమ్మా అని మావయ్య గారు సర్దిచెప్పారు. ఈ డాక్టర్ని కూడా కాదని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. పైగా వేడినీళ్ళ కాపడం పెట్టుకోమని పెద్దమనిషిలా సలహా ఇచ్చాను. తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పెళ్ళికి రాను. జ్వరమని చెప్పు. నలుగురిలో మావయ్య గారి తల దించే పని నావల్ల కాదు.

నీ
శ్రీహరి


గుడివాడ

ఏమండీ,

జ్వరమని చెప్పను. ఇంట్లో ఇప్పటికే ఒక అబద్ధం ఉంది, అది నాది. కార్డులో ఆ "డా." నాన్న పెట్టింది కాదు. పెళ్ళివారి ముందు ఇందిరాదేవి అత్తయ్య "మీ ఆయన చదువు ఈ జన్మకి అవుతుందా?" అని నవ్వితే, అయిపోయింది, పట్టా కూడా వచ్చేసిందని అనేశాను. మీ మీద నమ్మకంతో అన్నానని చెప్పుకోవచ్చు. కాదు, సిగ్గేసి అన్నాను. ఆ తర్వాత నాన్న ప్రెస్సుకి వెళ్తుంటే పేర్లు రాసిచ్చింది కూడా నేనే.

మీ ఉత్తరం చదివి పొద్దున్నంతా గదిలోంచి బయటికి రాలేదు. మీరు చెప్పనందుకు కోపం వచ్చింది. నేను మాత్రం నిజం చెప్పానా అనిపించి, ఆ కోపం కూడా ఎక్కువసేపు నిలవలేదు. మధ్యాహ్నం నాన్న చాప మీద కూర్చుని, ఇంకా పంచాల్సిన కార్డులకి పసుపు పెడుతున్నారు. పక్కన కూర్చుని నా సంగతీ మీ సంగతీ అంతా చెప్పేశాను. ఆయన కోపం మీకు తెలుసు. అయినా పసుపు గిన్నెలో వేలు ముంచి, మూలన కాకుండా సరిగ్గా "డా." మీద బొట్టు పెట్టారు. తర్వాతి కార్డుకీ అంతే.

"పంచేసినవాటి సంగతేంటి నాన్నా?" అన్నాను.

"వచ్చేవాళ్ళు భోజనానికొస్తారు గానీ డాక్టరు కోసం ఎవడొస్తాడే," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మగపెళ్ళివారికి ఎదురెళ్ళడానికి పెద్దల్లుడుండాలి. రమ్మని రాయి," అన్నారు.

చదువు ముగించమనీ మానమనీ నేను అనను. ఒక్కటి అడుగుతాను. అప్పయ్య గారి మాట ఏ అధ్యాయంలో పెట్టాలో తెలియలేదన్నారు. ఏడాదిగా మీరూ, మొన్నటినుంచి నేనూ చేసింది అదే కదండీ. చెరువు చుట్టూ కాపలా కాశాం. అది ఏ పుస్తకంలోనూ లేకపోతే మీరే రాయండి, మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పాపాయమ్మ గారు మీ కాపడంతో మోకాలి నొప్పి తగ్గిందని వీధంతా చెబుతున్నారు. ఆవిడకి నిజం మీరే చెప్పుకోండి.

మీ దగ్గరున్న కార్డులో "డా." మీద పసుపు లేదు. పరుపు కిందనుంచి తీసి వెంట తెచ్చుకోండి. గిన్నె తీసి ఉంచాను. ఆ ఒక్క కార్డుకి బొట్టు పెట్టాలో వద్దో మీరే చెప్పాలి.

మీ
గాయత్రి