రెండు కొసలూ ఒకే పెట్టెలో

ఆసుపత్రి ముఖ్యాధికారి గారికి,

నమస్కారములు. మీ కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసే ఉద్యోగిని మా కోడలు. నిన్న నెట్‌వర్క్ స్తంభించడానికి ఆమె నిర్లక్ష్యమే కారణమని రేపు విచారణ పెట్టారు.

భారత భాగవతాలతో బతికిన నాకీ విద్య కొత్త. పట్టుబట్టి అడిగితే చెప్పింది: "కబురు ముక్కలై పోతుంది మామయ్యా. ఒక్కో ముక్కకూ చిరునామా ఉంటుంది, స్విచ్ అనే పెట్టె దారి చూపుతుంది. ఒకే తీగ రెండు కొసలూ ఆ పెట్టెకే తగిలిస్తే, అందరికీ పంపిన కబురు గానుగెద్దులా అక్కడే తిరిగి, తిరిగినకొద్దీ పెరిగి, దారులన్నీ మూసేస్తుంది."

మందుల గదిలో జరిగినది అదే. తీగను విచారణ కోసం అలాగే ఉంచి, ఆ గదిని మాత్రం నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఆమె మిగతా ఆసుపత్రిని నడిపించింది. కాళ్లకు అడ్డమని ఆ తీగ రెండో కొసను ఎవరో అదే పెట్టెకు తగిలించి సర్దిపెట్టారు. ఎవరో ఆమెకు తెలుసు. "నన్నడగకండి మామయ్యా, ఆయన ఇల్లు గడవాలి" అంటుంది.

ఈ మధ్యాహ్నం కొత్త ఉద్యోగి వచ్చి ఆ తీగలు సర్దుతాడట. అప్పుడిక సాక్ష్యమే మిగలదు. దయచేసి వెంటనే గదికి తాళం వేయించి, మీరే స్వయంగా చూడండి. చూశాక, తగిలించిన చేయి ఎవరిదని మాత్రం అడగవద్దు. అడిగితే, ఆ చేయి తనదేనని రాసివ్వడానికి మా కోడలు సిద్ధపడి ఉన్నది.

ఇట్లు,
మీ ధర్మబుద్ధిని నమ్మిన వృద్ధుడు